ఎద్దు గీసిన తలుపు

మా కారు వెనక తలుపును ఎద్దు గీసింది. ఇది పచ్చి నిజం. తలుపు తట్టి చూశాక ఈ మాట నమ్మిన మనిషి బిలాస్‌పూర్‌లో మాకు ఒక్కడూ దొరకలేదు.

తొంభైల మొదట్లో సంగతి. నాన్న రిటైరవడానికి ఇంకా కొద్ది నెలలే ఉన్నాయి. రైల్వే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఊరి శివార్లలో, ఉస్లాపూర్‌లో కట్టుకుంటున్న ఇంటికి గోడలు లేచాయి గానీ స్లాబు పడలేదు. కారు అమ్మితే ఆ డబ్బుతో వానల్లోపు స్లాబు వేయించవచ్చని నాన్న అనుకున్నాడు. మీగడ రంగు కారు, ఎప్పుడో లోను పెట్టి కొత్తగా కొన్నది. నడిపినదానికంటే తుడిచిందే ఎక్కువ. కాబట్టి మంచి ధర వస్తుందని ఇంటిల్లిపాదికీ ధీమా.

ఎద్దు ఎవరిదీ కాదు. కాలనీలో గేటు గేటుకీ వెళ్లి రొట్టెలు తినేది. ఒక మధ్యాహ్నం దానికి మెడ దురద పుట్టింది. మా కారుకు ఆనుకుని తాపీగా రుద్దుకుంది. అమ్మ వరండాలో అప్పడాలు ఎండబెడుతూ, "ఓలమ్మా, ఏటిది!" అని చీపురుతో పరిగెత్తేలోపే కొమ్ము కొసతో మూరెడు గీత పడింది. తలుపు అరచేయంత మేర కాస్త లోపలికి వెళ్లింది. ఎద్దు మాత్రం తన పని పూర్తి చేసుకునే కదిలింది.

ఇక్కడ రైల్వే వాళ్ల గురించి ఒక సంగతి చెప్పాలి. మా కాలనీలో దేనికైనా మర్యాద చేయాలంటే రంగు వేస్తారు. పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నాడంటే ప్లాట్‌ఫారం అంచులు, పూలకుండీలు, ఆఖరికి దారి పక్కన రాళ్లు కూడా తెల్లబడేవి. పెయింటు వాసన వస్తే ఎవరో పెద్దమనిషి దిగుతున్నాడని పిల్లలకు కూడా తెలిసిపోయేది. ఆ మర్యాదే నాన్న కారుకూ చేయాలనుకున్నాడు.

"ఉంచీండి. గీతే కదా, ఏటైపోద్ది?" అంది అమ్మ.

"చూడ్డానికొచ్చినోళ్ల ముందు చిరిగిన చొక్కా ఏసుకుని నిలబడతామేటి?" అన్నాడు నాన్న.

డిపోలో రైలు పెట్టెలకు రంగు వేసే పెయింటర్ ఒకాయనకు నాన్నంటే అభిమానం. ఆదివారం వచ్చి, లొత్త పడిన చోట పుట్టీ నింపి, రుద్ది, తలుపంతా రంగు వేసి వెళ్లాడు. డబ్బులు పుచ్చుకోలేదు. పని ఎంత బాగా చేశాడంటే తలుపులో మొహం కనిపించేది. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "బాగుంది గానండీ, ఆ ఒక్క తలుపే పెళ్లికి తయారైనట్టుంది," అంది. మిగతా కారు దాని పక్కన మాసిపోయి కనిపించిన మాట నిజమే. నాన్న మాత్రం సంతోషంగానే ఉన్నాడు.

సదర్ బజార్ నుంచి పాత బళ్లు కొని అమ్మే వ్యాపారి వచ్చాడు. ఇంజను చూడలేదు, సీట్లు చూడలేదు. చుట్టూ ఒకసారి నడిచి, తిన్నగా ఆ తలుపు దగ్గరే ఆగాడు. ముందు తలుపును వేలి కణుపుతో తట్టాడు. ఖంగుమంది. వెనక తలుపును తట్టాడు. మొద్దుగా, దుప్పటి మీద కొట్టినట్టు మోగింది.

"యాక్సిడెంట్ ఎక్కడైంది సాబ్?" అన్నాడు హిందీలో.

"యాక్సిడెంట్ కాదు. ఎద్దు గీసింది," అన్నాడు నాన్న.

"అచ్ఛా, ఎద్దు," అన్నాడతను, ఎంతో మర్యాదగా.

అమ్మ తన శ్రీకాకుళం హిందీలో తాను కళ్లారా చూశానని, అప్పడాలు కూడా పాడయ్యాయని సాక్ష్యం చెప్పింది. వ్యాపారి ఆమెకు చేతులు జోడించాడు. ధరలో మాత్రం మూడోవంతు కోసేశాడు. పైగా పాఠం కూడా చెప్పాడు.

"గీత అలాగే ఉంచితే అది ఎంతుందో అంతే కనిపిస్తుంది సాబ్. దానికి కొంచెం తగ్గించుకునేవాణ్ణి, మీరడిగిన ధర దగ్గరే బేరం తెగేది. రంగు వేశాక కింద ఏముందో నాకెలా తెలుస్తుంది? రేపు నా దగ్గర కొనేవాడు కూడా తడతాడు కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. కాలనీలో నాన్న మాటంటే మాటే. ఎవరింట్లో తగువు వచ్చినా ఆయన్ను పిలుచుకెళ్లేవారు. అలాంటి మనిషిని మా గేటు ముందే, మా టీ తాగుతూ ఒకడు అబద్ధాలకోరును చూసినట్టు చూశాడు. నాన్న వాణ్ణి కడిగేస్తాడని ఎదురుచూశాను. నాన్న మాత్రం ఆలోచించి చెబుతానని పంపేశాడు.

ఎందుకో సాయంత్రం గానీ నాకు బోధపడలేదు. నాన్న చేసింది టీఎక్సార్ ఉద్యోగం. అంటే ఆగిన బండి పక్కన నడుస్తూ ఒక్కో చక్రాన్నీ సుత్తితో కొట్టి చూడడం. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగులుంటే గొంతు పూడుకుపోయినట్టు పలుకుతుంది. బండి లేటైపోతోందని గార్డు గోల పెట్టినా, అన్నీ బాగానే ఉన్నాయని డ్రైవరు ఒట్టు పెట్టినా, కొట్టి చూడకుండా నాన్న ఏ బండినీ వదిలిన మనిషి కాదు.

"ఆడి తప్పేటుంది? నేనైనా అలాగే తట్టేవోణ్ణి," అన్నాడు.

"మరి మీ మాటకి ఇలువేటి?" అంది అమ్మ.

"మాట మోగదు గదే," అన్నాడు నాన్న.

తర్వాత ఒక బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. ఆంధ్రా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినాయన, తెలుగువాడు. నాన్న గురించి కాలనీలో విని వచ్చాడు. "మీరు బాగుందంటే చాలండీ, నేను వేరే చూడక్కర్లేదు," అన్నాడు. అడిగిన ధరకు ఒప్పుకున్నాడు. అమ్మ అప్పుడే కాఫీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

"అలాక్కాదు. ఈ తలుపు తట్టి చూడండి," అన్నాడు నాన్న.

"ఎందుకండీ, మీ మాట చాలు."

"వద్దు, తట్టండి."

నేను గుమ్మంలోంచి కళ్లతో ఎంత సైగ చేసినా నాన్న నావైపు చూడలేదు. ఆఫీసరు ముందు తలుపు తట్టాడు, వెనక తలుపు తట్టాడు. మొహంలో రంగు మారింది. అప్పుడు నాన్న ఎద్దు సంగతి చెప్పాడు. ఆయన తలాడించి, కాఫీ సగంలో వదిలేసి వెళ్లాడు. ఇంట్లో ఆవిడకు పాత కారు ఇష్టం లేదని మర్నాడు కబురొచ్చింది.

"కొనడానికొచ్చిన మనిషిని పిలిచి మరీ బెదరగొట్టి పంపావు," అని నేను అరిచాను.

"తట్టకుండా కొనీసి, రేపింకొకడు తట్టి చెప్తే నన్నేటనుకుంటాడమ్మా?" అన్నాడు నాన్న.

కారు చివరికి సదర్ బజార్ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే పోయింది. ఉస్లాపూర్ ఇంట్లో ముందు గదులకు స్లాబు పడింది. వెనక గదికి రేకులు వేశాం. వానాకాలం ఆ గదిలో కూర్చుంటే పక్కవాళ్ల మాట వినిపించేది కాదు. చుట్టాలెవరైనా ఈ ఒక్క గదికే రేకులేమిటని అడిగితే అమ్మ "ఎద్దు" అనేది. వాళ్లకేమీ అర్థమయ్యేది కాదు.

మరుసటి ఏడాది నాన్నతో పనిమీద నది అవతల ఉన్న సర్కండా వెళ్లాను. ఒక బట్టల కొట్టు ముందు మా కారు నిలబడి ఉంది. ఒళ్లంతా కొత్త రంగు, ఆకాశనీలం. నంబరు చూసి గుర్తుపట్టాం. కొట్టు యజమాని, కుర్రవాడే, బయటికి వచ్చి అద్దాలు తుడుస్తున్నాడు.

"బండి బాగుంది," అన్నాడు నాన్న హిందీలో.

అతను పొంగిపోయాడు. "ఒక రైల్వే సాబ్ బండని అమ్మినతను చెప్పాడు అంకుల్. చాలా నిజాయితీపరుడట, రైల్వేలో ఎవరినడిగినా చెబుతారట. దీనికి ఒక్క గీత కూడా పడలేదని ఆయనే స్వయంగా చెప్పాడట. అందుకే నేను బేరమాడలేదు."

నాన్న వెనక తలుపు దగ్గరికి నడిచాడు. "ఆయన అలా చెప్పలేదు బాబూ. ఎద్దు గీసిందని చెప్పాడు. ఆ మనిషిని నేనే. ఇక్కడ, తట్టి చూడు."

ఆ కుర్రవాడు నాన్నను కిందనుంచి పైదాకా చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నాన్న చేతిని మెల్లగా పట్టుకుని తలుపు మీంచి తీసేశాడు.

"అక్కర్లేదు అంకుల్. నాకు ఆ సాబ్ మాట చాలు," అన్నాడు.

తిరిగి ఆటోలో అర్పా నది వంతెన దాటాం. అప్పుడు నాన్న, "మొత్తానికి నా మాట నమ్మినోడు ఒకడు దొరికినాడు," అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు.