చలవ చేసిందనుకున్నాం

మా జువాలజీ మాస్టారు సోమవారం మద్రాసు ఆస్పత్రిలో పోయారు. రెండు కిడ్నీలూ చెడిపోయాయి. నూజివీడుకు ట్రంకాల్ చేసి కబురు చెప్పింది నేనే. ఆయన శిష్యులు మీలో చాలామంది ఉంటారు. ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి కాబట్టి ఆయన పాఠాలు మీకంటే ఎక్కువసార్లు విన్నాను. మూడోసారి ఇంట్లో కూర్చోబెట్టి పాస్ చేయించిందీ ఆయనే.

కిడ్నీ పాఠానికి మాగాయ జాడీ తెచ్చేవారు. "ఉప్పేసిన ముక్కలోంచి ఊట ఎవడు లాగాడ్రా? ఉప్పే కదా! కిడ్నీలోనూ అంతే. తలపిన్నులా వంగిన గొట్టాలు లోపలికి పోయేకొద్దీ ఉప్పు పోగేస్తాయి. ఆ ఉప్పు మధ్య నుంచి మూత్రం దిగుతుంటే, అందులోని నీళ్లను ఆ ఉప్పు లాగేస్తుంది. నీళ్లు ఒంటికి మిగుల్తాయి, బయటికి చిక్కగా, పచ్చగా పోతుంది. ఎండలో పనిచేసేవాడికి అలా వస్తేనే కిడ్నీ డ్యూటీలో ఉన్నట్టు."

మా వైపు అలా ఎవరూ అనుకోరు. పచ్చగా వస్తే వేడి చేసిందంటాం, నీళ్లలా వస్తే చలవ చేసిందంటాం.

పోయిన మే నెలలో, ఆగిరిపల్లి దగ్గర నేను కౌలుకు తీసుకున్న మామిడి తోటకి మాస్టారు వచ్చారు. అప్పటికే నీరసంగా ఉంటున్నారు. వేడి చేసిందని నేనే రోజూ చెంబుడు బార్లీ నీళ్లు తాగిస్తున్నాను. ఆ రోజు మాత్రం కోత హడావిడిలో పొద్దుటినుంచీ ఇద్దరం గుక్కెడు నీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నం గట్టు పక్కన ఒంటేలుకు కూర్చున్నాం. నాది పసుపు కలిపినట్టుంది. ఆయనది అప్పుడే బావిలోంచి తోడినట్టుంది.

"చూశారా మాస్టారూ, మీకు చలవ చేసిందండీ! అంతా నా బార్లీయే!" అన్నాను గొప్పగా.

ఆయన కాలితో ఆ తడి మీదకి మట్టి నెట్టారు. "అంతే అయ్యుంటుందిలేరా" అన్నారు.

నేను ఇంకో మూడు నెలలు బార్లీ కాచి పోశాను. కాళ్లు వాచాక గానీ బెజవాడ తీసుకెళ్లలేదు. బాగా ఆలస్యం చేశారని అక్కడి డాక్టరు తిట్టి మద్రాసు పంపాడు.

"మీకు ఆ రోజే తెలిసిందాండీ?" అని ఆస్పత్రిలో అడిగాను.

"తెలియకేంరా! నీళ్లు తాగనివాడికి నీళ్లలా వస్తే, లోపల లాగడం మానేసినట్టే. పరీక్షలో ఎవడైనా చలవని రాస్తే మార్కులు కోసేవాణ్ణి. నా ఒంటిదాకా వచ్చేసరికి నీ బార్లీనే నమ్మాలనిపించింది."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ఆఖరి వారం మూత్రం పూర్తిగా ఆగిపోయింది. ఒంట్లో నీరు నిండిపోతోంది, చుక్క కూడా తాగనివ్వద్దన్నారు డాక్టర్లు. "దాహంరా" అంటుంటే పెదాలకు తడిగుడ్డ అద్దేవాణ్ణి. ఆదివారం సాయంత్రం ఆ గుడ్డను పళ్లతో పట్టుకున్నారు. నేను లాగుతున్నా వదల్లేదు.