చెయ్యి చెవికి అందాలి

ఎండలు మొదలుకాగానే మా కోడలు ఏడాదికి సరిపడా కొత్త చింతపండు తెచ్చి, చాప పరిచి గింజలు తీయడానికి కూర్చుంటుంది. ఆ పుల్లటి వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనకాల, రేకుల కప్పు కింద, సున్నం పెచ్చులూడిన ఒంటిగది బాలవాడిలో ఉంటాను. ముందు గుప్పెడు చింతగింజలు, పక్కన సత్తెమ్మ, మా సత్తి.

డెబ్బయ్యవ దశకం అప్పుడే మొదలైంది. మా నాన్న ఫ్యాక్టరీకి పోయేవాడు. సత్తి వాళ్ల బాపు మల్లయ్య బర్రెలను పెట్టుకుని గల్లీలన్నీ తిరిగి పాలు పోసేవాడు. మా గ్రేసమ్మ టీచర్ దగ్గర పుస్తకాలు లేవు, అందుకని లెక్కలకు చింతగింజలు, అక్షరాలకు పళ్లెంలో పోసిన ఇసుక, రంగులకు బతుకమ్మ పూలు, ఆకలైతే ఉప్మా, అన్నీ ఆ గదిలోనే. వానలు వెలిసిన పొద్దుల్లో మమ్మల్ని ఒకరి అంగీ ఒకరికి పట్టించి మార్కెట్‌కు తీసుకుపోయి, సోరకాయ తీగకు కాస్తుందా చెట్టుకు కాస్తుందా అని అడిగేది. బండ్ల దగ్గర భాయ్‌లు ప్రతి కూరగాయ పేరూ ఉర్దూలో మా చేత చెప్పించి, సరిగ్గా చెప్పినవాళ్లకు గాజర్ ముక్క పెట్టేవాళ్లు. యాకుత్‌పురా స్టేషన్ వైపు రైలు కూస్తే పాట ఆపి, అది వచ్చేదో పోయేదో చెప్పాలి. పండగ మర్నాడు ఎవరింటి షీర్‌ఖుర్మా అయినా, టీచరమ్మ క్రిస్మస్‌కు నూనెలో కాల్చిన గులాబీపూల పిండివంటయినా అందరికీ తలా ఇంత దక్కేది.

వీటన్నిటిలో సత్తే ముందు. నేను గింజలు లెక్కపెడుతూ మధ్యలో మరిచిపోయి ఒకటి నోట్లో వేసుకునే రకం. ఆమె ఇసుకలో రాసిన 'అ' చెరపడానికి టీచరమ్మకే చేతులు రాకపోయేవి. మనిషి మాత్రం మా అందరికన్నా పొట్టి. తల మామూలే, కాళ్లూ చేతులే కురచ. పెరుగుతదిలే అని వాడకట్టంతా అనేది, నేనూ అదే అనుకున్నాను.

ఆ రోజుల్లో మా పిల్లలెవరికీ పుట్టిన తేదీ కాగితం లేదు. పెద్దబడిలో ఒకటో తరగతికి పోవాలంటే కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే వయసు వచ్చినట్టు, అందకపోతే రానట్టు. జూన్‌లో తొలి వానకు తడిసిన వరండాలో మమ్మల్ని వరుసగా నిలబెట్టారు. నా చెవి నాకు దొరికింది. సత్తి వేళ్లు నడినెత్తి దాటలేదు.

"వయసు రాలె మల్లయ్యా. వచ్చే యేడు తోల్కరా," అన్నాడు పెద్దసారు.

"దానికి అన్నీ వస్తయి సార్, అడిగి సూడుండ్రి."

సారు అడగలేదు. చెవి చూశాడు, పేరు రాయలేదు, అంతే.

ఆ ఏడాదంతా వాళ్లమ్మ రోజూ నువ్వుల నూనె పెట్టి ఆ చెయ్యి సాగదీసేది. సత్తి బర్రెల కొట్టంలో దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడేది, మేము ఆటనుకుని కాళ్లు పట్టి గుంజేవాళ్లం. మళ్లీ జూన్ వచ్చింది. ఈసారి సత్తి తల బాగా వంచి, మెడ నరాలు తేలేట్టు సాగి, చెవి కొస అందుకుంది. నవ్వింది కూడా. పెద్దసారు కోపంగా ఏమీ అనలేదు, రెండు చేతులతో ఆమె తలను మెల్లగా నిటారుగా నిలిపాడు. చెవి జారిపోయింది. గ్రేసమ్మ టీచర్ వచ్చి బతిమాలింది, ఈమె వయసుకు నేను సాక్షిని అంది. నియమం నియమమే అన్నారు. ఆ నియమం ఎవరు పెట్టారో, చెయ్యే ఎదగని పిల్ల సంగతి వాళ్లకు తట్టిందో లేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ పై ఏడు ఆమె తమ్ముడికి చెవి అందింది. వాడికి గింజలతో లెక్కలు నేర్పింది సత్తే. వాడు పలక పట్టుకుని బడికి పోతుంటే, బడి లెక్కలో తనకన్నా పెద్దవాడైన తమ్ముణ్ణి చూస్తూ ఆమె గోడకు పిడకలు కొట్టింది. మల్లయ్య మళ్లీ ఆమెను బడికి తీసుకుపోలేదు.

పెళ్లయ్యాక నేను సంతోష్‌నగర్‌లో ఉన్నప్పుడు ఒకసారి రేషన్ దుకాణంలో కనబడింది. బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేసింది.

"సత్తీ, నీకు రాయనొస్తది గదనే!" అన్నాను.

"ఇసుకల రాసిందే గదా పిల్లా, గప్పుడే పోయింది," అని వేలు చీర కొంగుకు తుడుచుకుంది.

బాలవాడి గది ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గ్రేసమ్మ టీచర్ లేదు, సత్తీ లేదు. మొన్న మనవణ్ణి బడిలో చేర్పించడానికి పోతే, పుట్టిన తేదీ కాగితం చూసి నిమిషంలో పేరు రాసుకున్నారు. వాణ్ణి చెవి పట్టుకొమ్మని ఎవరూ అడగలేదు. ఇంటికి వచ్చి నేనే అడిగాను. వాడు చెయ్యి తల మీదుగా తిప్పాడు, అందలేదు.

"అందకపోతే ఏమైతది నానమ్మా?" అని నవ్వాడు.