బేరం ప్రశ్న

నా కూతురి వయసున్న ఆ డాక్టరమ్మకు ఒక అలవాటు ఉండేది. మా జవాబు నమ్మబుద్ధి కాకపోతే పెన్నుకు మూత పెట్టి, "మీరైతే ఎలా అడుగుతారు?" అనేది. మనసు జబ్బును కొలిచే ఇంగ్లీషు ప్రశ్నలను మా అనకాపల్లి ఆడవాళ్లకు తగినట్టు మార్చడానికి వచ్చింది. అప్పుడప్పుడే చదవడం నేర్చుకున్న నేను వాటిని హుషారుగా పైకి చదివేదాన్ని.

ఆ రోజు మా తోడికోడలి వంతు. "పనుల మీద ఆసక్తి తగ్గిందా?" అని చదివాను.

"అన్నీ సేత్తన్నాను గదా అక్కా. వంట, బట్టలు, గేదెలు."

ఆ లెక్కన ఆమెకు జబ్బు లేనట్టే. కానీ తన కూతురు చనిపోయాక ఆమె ఎలా అయిపోయిందో నాకు తెలుసు. డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టి నావైపు చూసింది.

"ఇష్టం లేకపోయినా పనులు సేత్తామమ్మా. పూడిమడక నుంచొచ్చే సేపలావిడతో బేరం ఆడతందా అని అడిగి సూడు. మాకు సరదా అంటే అదే," అన్నాను.

అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వకుండా అదే అడిగింది.

"లేదమ్మా. ఎంతంటే అంత ఇచ్చేత్తన్నాను," అంటూ తోడికోడలు ఏడ్చేసింది. వైద్యం ఆ వారమే మొదలైంది.

కొన్నాళ్లకు జబ్బు ఎంత తగ్గిందో కొలవడానికి డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఇద్దరం సందు మలుపు తిరుగుతుంటే తోడికోడలి గొంతు వినబడింది.

"అంత రేటేటే? నీ సేప బంగారం మింగిందేటి?"

"మింగితే నీకెందుకమ్ముతానే వొదినా?" అంది చేపలావిడ.

డాక్టరమ్మ రాయడానికి తీసిన పెన్నుకు మూత పెట్టేసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, బేరం తెగేదాకా అక్కడే నిలబడింది.