కేశవప్ప మోసిన మాటలు

కెలవరపల్లి కేశవప్పకు మూడు భాషలు వచ్చు. హోసూరు చుట్టుపక్కల అదేం గొప్ప సంగతి కాదు, పాలు పోసే ఆడవాళ్లకూ వచ్చు. కానీ ఆ మూడు భాషల పుణ్యాన పెద్దమనిషి అయిపోయినవాడు మాత్రం ఆయన ఒక్కడే.

తొంభైల మొదట్లో సిప్కాట్ పారిశ్రామికవాడలో స్కూటరు విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరాడు. కోస్తా నుంచి వచ్చిన మేనేజరు జనార్ధనరావుకు తెలుగు తప్ప మరోటి రాదు, నేర్చుకుందామన్న ధ్యాసా లేదు. మనిషితో మనిషిలా మాట్లాడటం అసలే చేతకాదు. పదిమందినీ పోగేసి, తప్పు చేసినవాణ్ణి మధ్యలో నిలబెట్టి, వాడి ముఖమైనా చూడకుండా కేశవప్ప వైపు తిరిగి తిట్టేవాడు. చివర్లో “వాడికి చెప్పు” అనేవాడు.

కేశవప్ప చెప్పేవాడు. తమిళుడికి తమిళంలో, కన్నడిగుడికి కన్నడంలో. ఆ చోట కాస్త మనసున్నవాడు ఉంటే సగం మింగేసి, కొంచెం చూసి చేయప్పా అని సరిపెట్టేవాడు. ఎవరికి తెలుస్తుంది? ఈ మహానుభావుడు మాత్రం ఒక్క మాట కింద పడనివ్వలేదు. పైగా దొరగారు చెయ్యి ఊపడం, పెదవి విరవడం కూడా అచ్చంగా దించేవాడు. ఆ సేవకు మెచ్చి సూపర్‌వైజరును చేశారు.

జనం నిలవలేదు. లేతు మీద చేయి తిరిగిన జవళగిరి గుర్రప్ప ఒక మధ్యాహ్నం ఆ మాటలు విని, చేతులు కడుక్కుని, టిఫిన్ క్యారియరు పట్టుకుని గేటు దాటాడు. తర్వాత చాలామంది అదే దారి పట్టారు. ఎందుకు పోతున్నారని ఓనరు అడిగితే, పల్లెటూరి వాళ్లకు రోషమెక్కువ సార్ అని కేశవప్ప జవాబిచ్చాడు. రోషం ఒక జబ్బని ఆయన నిజంగానే నమ్మాడు. తనకెన్నడూ అంటలేదు మరి.

ఉద్దనపల్లిలో ఆయన అక్క మునివెంకటమ్మ ఉంది. మొగుడు పోయాక ఎనుముల పాలమ్మి కొడుకు శివరాజ్‌ను ఐటీఐ చదివించింది. కేశవప్ప తన కూతురు నళినిని శివరాజ్‌కే ఇవ్వాలనుకున్నాడు. నళినికీ బావంటే ప్రాణం. ఉద్యోగం పర్మనెంటు కాగానే తాంబూలాలు మార్చుకుందామని ఇంటివాళ్లు మాట్లాడుకున్నారు. అందుకే కేశవప్ప తానే పట్టుకొచ్చి మేనల్లుణ్ణి డ్రిల్లింగ్ మిషను మీద పెట్టించాడు.

పర్మనెంటు కావలసిన నెలలోనే డ్రిల్ బిట్టు అరిగి కొన్ని విడిభాగాలు పాడయ్యాయి. బిట్టు అరిగిందని శివరాజ్ పొద్దున్నే మామకు చెప్పాడు. చూద్దాంలే అన్నాడు మామ. జనార్ధనరావు యథాప్రకారం అందర్నీ పోగేసి, కేశవప్ప వైపు తిరిగాడు.

“వీణ్ణి కనే బదులు వీళ్లమ్మ ఒక గేదెను కొనుక్కున్నా బాగుపడేది. వాడికి చెప్పు.”

శివరాజ్ తెలుగువాడే. ఎదురుగానే ఉన్నాడు, విన్నాడు, తల వంచుకున్నాడు. మేనేజరు మాట వరకైతే భరించేవాడే. కానీ అలవాటు పడ్డ నోరు ఊరుకుంటుందా?

“నిన్ను కనే బదులు మీయమ్మ ఒగ ఎనుమును కొనుక్కోనుంటే బాగుపడుండునంటరా,” అన్నాడు కేశవప్ప, చెయ్యి ఊపి, పెదవి విరిచి.

తెలుగును తెలుగులోకే మార్చి చెప్పాడు. గేదెను ఎనుము చేయడం ఒక్కటే ఆ పండితుడు పడ్డ శ్రమ. ఆ అమ్మ తన సొంత అక్క అని ఆయనకు తట్టనే లేదు. శివరాజ్ మేనేజరును చూడలేదు. మామను చూశాడు. మిషను ఆపి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం కేశవప్ప పళ్లూ పూలూ పట్టుకుని ఉద్దనపల్లి వెళ్లాడు. కుర్రతనం, సర్ది చెబితే వచ్చేస్తాడని ధీమా. మునివెంకటమ్మ వాకిట్లో ఎనుముకు గడ్డి వేస్తోంది. తమ్ముడి వైపు చూడకుండా కొడుకు వైపు తిరిగింది.

“శివరాజూ, మీ మామకి చెప్పప్పా. నళినికి యాడన్నా వేరే సంబంధం చూసుకోమను. ఇంక ఈడికి రావద్దని చెప్పు.”

శివరాజ్ మామ ముఖంలోకి ఒకసారి చూశాడు.

“మామకి ఇనపడిందిలేమ్మా. అదే మాట తిరగా నేనేల చెప్పేది.”

పళ్ల సంచి అరుగు మీద పెట్టాలో, వెనక్కి తీసుకుపోవాలో తెలియక కేశవప్ప అలాగే నిలబడ్డాడు. ఇంటి దగ్గర నళిని ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ మాట ఆమెకు చెప్పవలసినవాడు ఆయనే.