చిక్కు విడిన ఉగాది

మొన్న గద్వాలలో మనవరాలి ఇంటికి పోతే వంటింట్లో ఆముదం వెచ్చబెడుతున్న వాసన వచ్చింది. మోకాళ్ల నొప్పికట. వాళ్లకది మందు. నాకు మాత్రం ఆ జిడ్డు వాసన తగలగానే నెత్తి మీద మా అవ్వ వేళ్లు కదిలినట్టయింది.

అయిజకు పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదరకముందే చేరేంత దూరంలో మా ఊరు. సంస్థానం రోజులు. కూలికి పోగా మిగిలిన పొద్దు మా సొంత చెలకలో ఆముదాలు ఏరుకునే ఇల్లు మాది. ఆ గింజలను వేయించి, దంచి, కుండలో ఉడకబెట్టి, పైన తేలిన నూనెను గరిటెతో తీసి అవ్వ ఏడాదంతటికీ దాచేది. చలికాలమంతా ఆ ఆముదమే పిల్లల తలలకు పట్టించి, బిగించి జడలల్లి, పైన పాతగుడ్డ కట్టేది. పడిశం పడుతుందని తలంటు ఊసే ఎత్తేది కాదు. శివరాత్రి దాటి, గాలి తిరిగి, గట్ల మీద మోదుగులు ఎర్రగా విరగబూసి, వేపలు పూతకొచ్చే వేళకు ఆమె పద్ధతంతా మారిపోయేది. కాముని పున్నమి మరునాడు, మోదుగుపూల రంగునీళ్లతో ముఖాలన్నీ పసుపెక్కిన మమ్మల్ని గచ్చకాయల ఆట మధ్యలోనే లాక్కొచ్చి కూర్చోబెట్టేది. కుంకుడుకాయలు రాతి మీద చితగ్గొట్టి, వేడినీళ్లలో పిసికి, ఆ నురగతో మాడు మంటెక్కేదాకా రుద్దేది. కళ్లు మండుతున్నాయని ఏడిస్తే నోట్లో ఉప్పుకల్లు పెట్టేది. నానబెట్టి రుబ్బిన మెంతులు పట్టించి, వేపచెట్టు నీడన జుట్టు ఆరబెట్టి, ఆ రోజు నుంచి ఆముదం మానిపించి, అరచేతిలో తడి అయ్యేంత నువ్వుల నూనె మాత్రం రాసేది.

"ఎండలొచ్చినంక ఆముదం పెడ్తే దుమ్మును పిలిచి పీటేసినట్లే. చలికాలం తల యేరు, ఎండకాలం తల యేరు" అనేది.

నాకు తొమ్మిదో పదో ఏడు నడుస్తున్న ఆ సంవత్సరం సంక్రాంతి పోయిన వెంటనే జ్వరం పట్టుకుంది. తగ్గుతూ తిరగబెడుతూ శివరాత్రి దాకా నన్ను మంచం దిగనియ్యలేదు. నా తల ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లేచి కూర్చునేసరికి ఆముదం, చెమట, దుమ్ము కలిసి వెనక జుట్టంతా ఒకటే ముద్దయి, తాడు పేనినట్టు వీపు మీద వేలాడుతోంది. పక్కింటి ముసలమ్మ చూసిపోదామని వచ్చి, ఆ ముద్దను ముట్టుకుని కళ్లకద్దుకుంది. పొద్దు గూకేసరికి వాడంతా తెలిసింది, పిల్ల నెత్తిన ఎల్లమ్మ జడ కట్టిందని.

మా దిక్కు ఆ మాటకు అర్థం ఒకటే. జడ కట్టిన పిల్లను దేవతకు వదిలిపెట్టాలి. వదిలిన పిల్లకు పెండ్లి ఉండదు, తనదనే ఇల్లుండదు. ఎదిగాక ఊరు ఆడించినట్టు ఆడాలి. మా వాడలోనే అట్లాంటి ఆమె ఒకామె ఉండేది. జాతరలో ముందు నడిపించేవాళ్లు, మిగతా రోజుల్లో ఎవరూ గడపలోకి రానిచ్చేవాళ్లు కాదు. ఆ జడకు కత్తెర తగిలిస్తే ఇంటి మీదికి కీడొస్తుందని అందరూ నమ్మేవాళ్లు. అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నాయన బయట గోడకానుకుని కూర్చుండిపోయాడు.

మా పెద్దనాయన, అంటే అవ్వ పెద్దకొడుకు, చెడ్డవాడు కాదు. రెండేళ్లుగా వానల్లేక చేను ఎండింది, ఎద్దు చచ్చింది. ఎల్లమ్మ తల్లి కోపమే ఇదంతా అని ఆయనకు గట్టి నమ్మకం. ఊరి పెద్దలతో మాట్లాడి వచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు.

"ఉగాదినాడు పిల్లకు ముత్యాలు కట్టించి తల్లికి విడుస్తమని చెప్పొచ్చిన్నే అమ్మా. తల్లి అడిగినంక మనం కాదంటమా?"

అవ్వ చేటలో జొన్నలు చెరుగుతూనే ఉంది. "తల్లి అడిగిందో, దువ్వక పాయెనో నేను చూస్త. ఉగాది దాక దాన్ని నాకిడిసిపెట్టు."

"కత్తెర పెడ్తవా ఏంది?"

"పెట్టను. చిక్కు తీస్త. ఆడపిల్ల తల చిక్కు తీస్తే ఏ తల్లికి కోపమొస్తది?"

ఆయన ఉగాది దాకా గడువిచ్చి పోయాడు.

మరునాటి నుంచే మొదలుపెట్టింది. వెచ్చటి ఆముదం ముద్దలోకి ఇంకేదాకా పోసి గుడ్డ చుట్టేది. నూనె దిగాక పొడవాటి తుమ్మముల్లు తీసుకుని, జుట్టు కొసల నుంచి ఒక్కో వెంట్రుకను పక్కకు జరిపేది. పొద్దంతా కూర్చుంటే చిటికెన వేలంత విడిపోయేది. నా మెడ గుంజేది, మాడు పుండయ్యేది. అవ్వకు చూపు ఆనక నీళ్లు కారేవి. ఆమె పాటలు పాడేది కాదు, కథలు చెప్పేది కాదు. "ఇంకొంచెం, జర ఓర్చుకో బిడ్డా" అనడమే. వాడ పిల్లలు వీధిలో రంగులు చల్లుకుంటుంటే నేను ఆమె మోకాళ్ల మధ్య కూర్చుని వాళ్ల కేకలు విన్నాను.

మొదట్లో అమ్మ దగ్గరికి రాలేదు, భయపడింది. గడపలో నిలబడి చూసేది. ఒకనాడు పైటేళ ముద్దలోంచి ఒక పాయ మొత్తం ఊడి, నల్లగా నా భుజం మీద పడింది. అమ్మ వచ్చి ఆ పాయను వేళ్ల మధ్య తీసుకుని కొస దాకా నిమిరింది. అవ్వ చేతిలోంచి ముల్లు తీసుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ చెరో పక్కన పట్టారు. చివరి ముడి మెడ దగ్గర విడిపోయిన రోజు కుంకుళ్ల రసంతో తలంటి, మెంతులు పట్టించి, వేప నీడన కూర్చోబెట్టారు. ఊడిన జుట్టు ఊడగా ఉన్నది నడుము దాటింది. అమ్మ నవ్వడం నేను ఆ ఏడాది అప్పుడే చూశాను.

ఉగాది పొద్దున పెద్దనాయన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. అవ్వ నన్ను వాకిట్లో వేపచెట్టు కింద పీట మీద కూర్చోబెట్టి, కొప్పు విప్పి, కట్టె దువ్వెన ఆయన చేతికిచ్చింది.

"నువ్వే దువ్వు పెద్దోడా. ఏడనన్న ఆగితే పిల్లను తోల్కపో."

వాడంతా చుట్టూ చేరింది. ఆయన దువ్వెనను నా నడినెత్తిన మోపాడు. దువ్వెన మెల్లగా దిగి, మెడ దగ్గరికి వచ్చి ఆగింది. పెద్దనాయన వంగి, జుట్టు పాయ తీసి చూశాడు. వేపపూత రెమ్మ. దాన్ని తీసి పక్కన పెట్టాడు. దువ్వెన మళ్లీ కదిలి నడుము దాకా నీళ్లలా జారింది. ఆయన ఇంకోసారి దువ్వాడు, ఇంకోసారి దువ్వాడు. మూడో మాటు దువ్వింది పరీక్షకు కాదు. బిడ్డ తల దువ్వే చెయ్యి వేరుగా ఉంటుంది, తెలుస్తుంది.

"మామూలు చిక్కే" అన్నాడు పెద్దమనుషుల వైపు తిరిగి. "మీరూ కూసోండ్రి, బక్షాలు తిని పోదురు."

ఆనాడు మా ఇంట్లో పూర్ణంలో బెల్లం తక్కువైన బక్షాలు, పులుపెక్కువైన పచ్చడి ఎంత రుచిగా ఉన్నాయో చెప్పలేను. అవ్వ మాత్రం తినకుండా గోడకు చేరగిలబడి పొద్దు గూకేదాకా నిద్రపోయింది. తరువాతి ఏడు కాముని పున్నమి వెళ్లగానే వాడలోని తల్లులు తమ ఆడపిల్లల్ని పట్టుకుని మా వాకిట్లో వరస కట్టారు. జాతరలో ముందు నడిచే ఆమె కూడా వచ్చి చివర కూర్చుంది. అవ్వ ఆమెను లోపలికి పిలిచి, తన పీట మీద కూర్చోబెట్టి తలంటింది. అవ్వ బతికినన్నాళ్లూ మా వాడలో ఏ పిల్ల నెత్తినా జడ కట్టలేదు.

పోయిన చైత్రంలో ఊరికి పోయాను. మా ఇల్లున్న చోట ఎవరిదో మిద్దె లేచింది. ఆముదపు చేలు పోయి పత్తి వచ్చింది. రంగులు పొట్లాల్లో దొరుకుతున్నాయి. బడికి ఆలస్యమైన ఒక పిల్ల, దువ్వని తలతో, చేతిలో రిబ్బన్లు పట్టుకుని నా పక్కనుంచి ఉరికింది. వెనక నుంచి వాళ్లమ్మ "జడేస్కొని పోవే" అని కేకేస్తోంది. వీధిలో ఇంతమంది ఉన్నారు. ఆ చిక్కుపడ్డ తలను ఒక్కరూ తిరిగి చూడలేదు.