అత్తకు కోపం రాని ఆట

జగ్గయ్యపేటలో మా కంప్యూటర్ సెంటర్ ఒక ఎరువుల కొట్టు పైన ఉండేది. అక్కడ నేను పెట్టుకున్న నియమం ఒకటే: నేర్చుకునేవాళ్ళ కీబోర్డు నేను ముట్టుకోను. "ఒక్క లైను కొట్టి పెట్టండి మేడమ్" అని ఎవరైనా బతిమాలితే, "పరీక్ష హాల్లోకి కూడా నన్నే తీసుకెళ్తావా?" అనేదాన్ని. ఈ నియమం గురించి చాలామంది దగ్గర గొప్పలు పోయాను. దాన్ని తప్పిన సంగతి మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఇంకా ఫ్లాపీలు వాడుతున్న రోజులవి. నందిగామలో బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్న ఒకమ్మాయి మా దగ్గరికి వచ్చింది. అంతకుముందు ప్రాజెక్టు వైవాలో ఫెయిలైంది. ఎవరో చేసిన ప్రాజెక్టు కొనుక్కెళ్ళి పెట్టింది. ఎగ్జామినర్ ఒక లైను మీద వేలు పెట్టి "ఇదేం చేస్తుందమ్మా?" అంటే నోరు పెగల్లేదు. రెండోసారీ పోతే డిగ్రీ చేతికి రాదు, ఎంసీఏలో చేరే దారి మూసుకుపోతుంది. అందుకే ఈసారి ప్రతి అక్షరం తనే రాస్తానని పట్టుబట్టింది.

రాసింది బొమ్మల కథ ఆట. అలాంటి వాటిని విజువల్ నావెల్ అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. కొత్త కోడలు వంటింట్లోకి వస్తుంది. అత్త ఏదో అంటుంది. కోడలు ఏం జవాబివ్వాలో ఆడేవాళ్ళు ఎంచుకోవాలి. ఎదురు చెప్పినకొద్దీ అత్త కోపం పెరుగుతుంది. ఆ కోపం ఎంతుందో చూసి ఆట మూడు ముగింపుల్లో ఒకదానికి చేరుతుంది. బొమ్మలన్నీ తనే గీసి స్కాన్ చేయించింది. కోపం ముగింపులో అత్త గొంతు మాత్రం నాది. "తిట్టడానికి మీరైతేనే బాగుంటది మేడమ్" అంది, ఏమాత్రం జంకు లేకుండా. మైకు ముందు కూర్చుని తిట్టాను. రెండోసారి అవసరం పడలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వైవా. బొమ్మలూ గొంతూ ఎక్కించిన సీడీ పొద్దున్నే కాలేజీకి పంపేసింది. ఇక ప్రోగ్రాం ఒక్కటే తీసుకెళ్ళాలి. పదకొండింటికి చివరిసారి ఆడించి చూస్తే, ఏ జవాబు నొక్కినా ఆట నవ్వుల ముగింపుకే పోతోంది. కోడలు "మీరే వండుకోండి" అన్నా అత్త నవ్వింది. గిన్నె విసిరినా నవ్వింది.

"ఏ ఊళ్ళో ఉందే ఇలాంటి అత్త?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. "మొన్నటిదాకా బానే వచ్చింది మేడమ్."

"మొన్న వచ్చింది ఇవాళ ఎందుకు రాదు? ఏదో కెలికుంటావు."

"నేనేం కెలకలా."

"అయితే అదే కెలుక్కుందా?"

పన్నెండింటికి కరెంటు కోత. ఒంటిగంట లోపు బస్సెక్కాలి. ప్రతి లైనూ పైకి చదవమన్నాను. చదువుతుంటే ప్రతి లైనుకీ ఒక తిట్టు జోడించాను. నాలుగు నెలలు నేర్చుకుని ఒక కోపాన్ని పెంచలేకపోయావా అన్నాను. ఆమె చదవడం ఆపలేదు.

పక్క టేబుల్ దగ్గర నాతో పాటు పాఠాలు చెప్పే మాస్టారు తలెత్తారు. "ఆ మొదటి లైను పెట్టించి చూడండి" అన్నారు.

ఆ లైను నాకూ ఆయనకీ మధ్య పాత తగువు. మేం నేర్పే కంప్యూటర్ భాషలో, లెక్క దాచుకునే డబ్బా పేరు తప్పుగా కొడితే కంప్యూటరు ఏమీ అనదు. ఆ తప్పు పేరుతో కొత్తగా ఒక ఖాళీ డబ్బా తెచ్చి పెట్టుకుని నోరు మూసుకుంటుంది. ప్రోగ్రాం పైన ఒక్క లైను రాస్తే మాత్రం, ముందుగా చెప్పని పేరు కనపడగానే ఆగి నిలదీస్తుంది. కొత్తవాళ్ళ చేత ఆ లైను రాయించాల్సిందేనని మాస్టారు అనేవారు. "మొదటి రోజే తప్పులన్నీ మొహాన కొడితే రెండోరోజు ఎవరొస్తారండీ?" అని నేను వాదించాను. "మీతో నేను వాదించలేనండీ" అని ఆయన ఊరుకున్నారు. గెలిచాననుకున్నాను.

ఆ అమ్మాయి లైను రాసి ఆడించింది. వెంటనే ఆగింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఒక పేరు మీద నల్లటి పట్టీ పడింది.

"మేడమ్, ఇది అట్ట."

"అట్టేంటి?"

"నేను అత్తకి టీ తర్వాత హెచ్ కూడా పెడతానండి. ఇందులో హెచ్ లేదు. అత్తకోపం కాదిది, అట్టకోపం. పుస్తకానికేసే అట్ట."

"మరి అలా ఎందుకు కొట్టావు?"

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు సాయంత్రం నా గొంతు అతికించేటప్పుడు ఆమె రెండు వేళ్ళతో నెమ్మదిగా కొడుతుంటే ఓర్చుకోలేక, కీబోర్డు లాక్కుని ముగింపుకొకటి చొప్పున, కోపం ఎంతుందో చూసే మూడు లైన్లు టకటకా కొట్టేశాను. ఆమె డబ్బాలో కోపం నిండుతూనే ఉంది. నా మూడు లైన్లూ ఖాళీ డబ్బాలోకి చూస్తున్నాయి.

"ఇటివ్వు, మూడు హెచ్‌లు పెడితే సరిపోతుంది" అని చెయ్యి చాపాను.

ఆమె కీబోర్డు తన వైపు లాక్కుంది. "వద్దు మేడమ్. ఎగ్జామినర్ ఈ లైను మీద వేలు పెడితే మా మేడమ్ రాశారని చెప్పాలా? మీరు చేతులు కట్టుకోండి."

మూడు లైన్లూ చెరిపేసింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమంటోంది. అది కంప్యూటర్ని నడిపేది పది నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఆమె రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మళ్ళీ మొదటి నుంచి రాసింది. నేను నిజంగానే చేతులు కట్టుకున్నాను. ఫ్లాపీలోకి ఎక్కించి బయటికి లాగిన క్షణానే తెర నల్లబడింది. ఆడించి చూసుకునే వీలు లేకపోయింది.

నేను వెళ్ళాల్సిన పని లేదు, అయినా వెళ్ళాను. బస్సు చిల్లకల్లు దాటింది. అప్పుడు "తప్పు నాదే" అన్నాను.

"ఏంటి మేడమ్?" అంది, లారీ హారన్ మోతలో వినపడక.

రెండోసారి చెప్పడం ఇంకా కష్టం. "తప్పు నాదే!" అని గట్టిగా అన్నాను. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

కాలేజీలో ల్యాబ్ తలుపు బయట వరండాలో నిలబడ్డాను. లోపల ఎగ్జామినర్ గొంతు వినిపించింది. "ఈ మూడు లైన్లు ఏం చేస్తాయమ్మా?" ఆమె చెప్పింది. ఏం చెప్పిందో వినపడలేదు గానీ చాలాసేపు చెప్పింది. "సరే, ఆడించు" అన్నారాయన. ఆ తర్వాత మౌసు టిక్కుటిక్కుమన్న చప్పుడే. నా చీర కొంగు నా పిడికిట్లో నలిగిపోతోంది.

ఉన్నట్టుండి ల్యాబ్ అదిరేలా ఒక ఆడగొంతు. "వచ్చి గంట కాలేదు, అప్పుడే నాకు వంట నేర్పుతావా?"

వరండాలో ఫైళ్ళు మోసుకెళ్తున్న అటెండరు ఉలిక్కిపడి ఆగాడు. "లోపల ఎవరండీ ఆమె, అంతలా అరుస్తోంది?"

"నేనే" అన్నాను.