లాంచీలో మా బాపు పెట్టిన కూత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాణ్ణి, చిన్నప్పుడు మంద దగ్గర అడవిలో ఎన్నిసార్లు పడుకున్నానో లెక్కలేదు. ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు.

అరవై ఎనిమిదో, తొమ్మిదో సరిగ్గా గుర్తులేదు. నేను నల్లగొండలో కొత్తగా గుమస్తాగా చేరాను. సాగర్ నీళ్ళు నిండి నాగార్జునకొండ దీవి అయింది. కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరు కూడా ఆ నీళ్ళలోనే మునిగింది. సర్కారు చూపిన కొత్త జాగాలో మేత దొరకదని మా నాన్న, అదే మా బాపు, మందంతా బేరగాళ్ళకు అమ్మేసి, నా కిరాయి ఇంటికి వచ్చేశాడు. ఆఫీసువాళ్ళం దీవి చూడబోతున్నామని తెలిసి, "జర నన్ను గూడ తోలుకపో బిడ్డా" అన్నాడు. కాదనలేకపోయాను.

లాంచీలో గొంగడి భుజానేసుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఎవరీయన అని ఆఫీసరు అడిగితే "మా ఊరాయన సార్" అన్నాను. మా నాన్నకు యాభై ఎకరాలున్నాయని అప్పటికే ఆఫీసులో కోతలు కోసి ఉన్నాను మరి. బాపు విన్నాడు. కొంచెం దూరం జరిగాడు.

దీవి మీద మ్యూజియం, బుద్ధుడి విగ్రహాలు, మునగకుండా పైకి తెచ్చి మళ్ళీ పేర్చిన పాత కట్టడాలు చూశాం. నెమళ్ళు కనిపించాయి. ఒడ్డు బండ మీద మొసలి ఒకటి ఎండ కాగుతోంది. ఆఫీసరు నీళ్ళవైపు చెయ్యి చాపి, కింద రాజుల కాలం పట్నం ఉందంటే అందరూ నోళ్ళు తెరిచారు. మా ఊరూ అక్కడే ఉందని నేను అనలేదు.

తిరిగి వస్తుంటే నడినీళ్ళలో ఇంజను ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. బాపు చుట్టూ ఉన్న గుట్టలు చూసి మా ఊరు మునిగిన జాగా గుర్తుపట్టినట్టున్నాడు. లేచి నిలబడి, మందను మళ్ళేసే కూత పెట్టాడు. అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను.

అప్పుడు గంట వినిపించింది. మంద ముందు నడిచే మా మేకపోతు మెడలోని పగిలిన గంట. ఆ బొంగురు చప్పుడు నిద్రలోనైనా గుర్తుపడతాను. కానీ ఆ గంట నల్లగొండలో నా కిరాయి ఇంట్లో మేకుకు వేలాడుతోంది. దాని వెనకే గొర్రెల అరుపులు, దగ్గరికొస్తూ. ఒడ్డు రెండువైపులా చాలా దూరం. చప్పుడు నీళ్ళలోంచే వచ్చింది.

బాపు నావైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఇన్నవా బిడ్డా?"

ఆఫీసరు నన్నే చూస్తున్నాడు.

"నాకేం ఇనవడలే తాతా. కూసో" అన్నాను.

కూర్చున్నాడు. తర్వాత తోటివాళ్ళను మెల్లగా అడిగి చూశాను, ఎవరికీ ఏమీ వినిపించలేదట. అది ఏం చప్పుడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడే బాపు మంచాన పడ్డాడు. దవాఖానలో డాక్టరు ఏం బాధ అని అడిగితే, "మతి తప్పుతాంది సారూ. లేని గొర్లు ఇనవడ్తున్నయి" అన్నాడు. మంచం పక్కనే నిలబడి ఉన్నాను. నేనూ విన్నాను బాపూ అంటే చాలు. అప్పుడు కూడా అనలేదు.